వత్తుల సంచీతో మూడు ఊళ్ల కాఫీ షాపులు

నేను కాఫీ తాగను. కాఫీ షాపుల గురించి రాస్తూ ఈ మాటతో మొదలుపెట్టడం విడ్డూరమే కానీ, ముందే చెప్పకపోతే మిగిలినదంతా అర్థం కాదు. నిరుడు మా ఆయనతో కాశీకి వెళ్లాను. కాశీకి వెళ్లినవాళ్లు ఇష్టమైనదేదో ఒకటి గంగలో వదిలి రావాలని ఆచారం కదా. మా బస్సులో వచ్చినవాళ్లలో సగం మంది కాకరకాయ వదిలారు. ఇష్టం లేనిది వదిలితే వదిలినట్టెలా అవుతుందనిపించింది నాకు. నాకు ప్రాణమైనది కాఫీ. మూడు మునకలు వేసి దాన్నే వదిలేశాను.

ఇంటికి వచ్చాక తెలిసింది, నేను వదిలింది కాఫీ ఒక్కటే కాదని. జనగామలో మా ఇల్లు కిరాణా దుకాణం మీద. పొద్దున లేచింది మొదలు కింద నుంచో, వంటింట్లో నుంచో ఎవరో ఒకరు పిలుస్తూనే ఉంటారు. సాయంత్రం నాలుగింటికి మాత్రం గ్లాసు పట్టుకుని బాల్కనీలో కూర్చుంటే, కాఫీ తాగుతోందిలే అని ఎవరూ పిలిచేవారు కాదు. అత్తమ్మ కూడా పిలిచేది కాదు. ఇప్పుడు చేతిలో గ్లాసు లేదు కాబట్టి నేను ఖాళీగా ఉన్నట్టే లెక్క. గ్లాసుతో పాటు ఆ గంట కూడా గంగలో కలిసింది.

ఈ కార్తీకంలో ఆ గంటతో నాకు పెద్ద అవసరమే వచ్చింది. భూపాలపల్లిలో ఉండే మా విజయక్క లక్షవత్తుల నోము పట్టింది. లక్ష వత్తులు చేసి, కార్తీక పౌర్ణమి సాయంత్రం నెయ్యిలో తడిపి ఒక్కసారిగా వెలిగించాలి. ఏడాదిగా చేస్తూ వచ్చింది. ఇక కొద్దిగా మిగిలిందనగా వానాకాలంలో ఆమెకు పక్షవాతం వచ్చింది. మనిషి తేరుకుంది, మాట బాగానే ఉంది. కుడిచెయ్యి మాత్రం చెప్పినట్టు వినడం లేదు. మిగిలిన పత్తిని నాకు పంపి, తోడబుట్టినదానివి, నీ చెయ్యైనా నా చెయ్యైనా ఒకటే, నువ్వే పూర్తిచెయ్యమంది. పౌర్ణమికి కాకపోతే నోము ఆగిపోయినట్టే, మళ్లీ మొదటి నుంచి పట్టే ఓపిక తనకు లేదు అని ఫోన్లో చెప్పింది.

వత్తులు చేయడం కష్టమైన పని కాదు. గింజ తీసిన పత్తిని పలచగా విడదీసి, వేళ్లకు కాస్త విభూతి రాసుకుని సన్నగా పేనడమే. కానీ రెండు కావాలి: గాలి ఆడని చోటు, ఎవరూ పిలవని గంట. మా ఇంట్లో రెండూ లేవు. ఒక వత్తి చేతిలో ఉండగానే పోపు మాడుతోందని ఒకరు, గోదాము తాళం ఏదని ఒకరు పిలుస్తారు. వారం గడిచేసరికి నాకు కాలు నిలవడం మానేసింది. రాత్రి పడుకున్నా వేళ్లు వాటంతటవే పేనుతూ ఉండేవి. ఒకరోజు నాలుగింటికి ఏమీ ఆలోచించకుండా పత్తి సంచీ చంకన పెట్టుకుని ఇంట్లోంచి బయటపడ్డాను.

హైదరాబాద్ రోడ్డు మీద సెల్‌ఫోన్ల దుకాణం పైన కొత్తగా ఒక కాఫీ షాపు పెట్టారు. హైదరాబాద్‌లో కొన్నాళ్లు పనిచేసి తిరిగొచ్చిన కుర్రవాడు నడుపుతున్నాడు. మెట్లు నిటారుగా ఉంటాయి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు జాగ్రత్త. పొద్దున పదకొండు దాకా తెరవడు, నాలుగింటికి మాత్రం ఖాళీగా ఉంటుంది. ఒక్కదాన్నే అలాంటి చోట కూర్చోవడం అదే మొదటిసారి. మూల టేబుల్ చూసుకుని, ఇంటి నుంచి తెచ్చిన ఉతికిన తెల్లబట్ట పరిచాను. అతను వచ్చి ఏం తాగుతారని అడిగాడు. పాలున్నాయా అన్నాను.

"పాలు మెనూల లేవమ్మా," అన్నాడు. కాసేపు ఆలోచించి, "కాఫీలకెల్లి కాఫీ తీసేసి ఇస్త, సరేనా?" అన్నాడు.

అన్నట్టుగానే తెచ్చాడు. కాఫీ మీద వేసినట్టే నా పాల మీద కూడా ఆకు బొమ్మ వేశాడట, తెల్ల పాల మీద తెల్ల ఆకు. ఎనభై రూపాయలు. ఆకు కనబడలేదని చెప్పి అతని మనసు కష్టపెట్టలేదు. ఆ వారమంతా రోజూ వెళ్లాను. నేను రాగానే అతనే ఫ్యాన్ ఆపేసేవాడు. కాలేజీ పిల్లలు ఫ్యాన్ ఏమైందన్నా అని అడిగితే, "ఆంటీకి పనున్నది, జర ఆగుండ్రి," అనేవాడు. నా వత్తులను ఎవరైనా పని అనడం నేను వినడం అదే మొదలు. ఒక్కటే గుచ్చుకునేది. పక్క టేబుల్ మీద ఎగ్ పఫ్‌లు తినేవారు. మా అక్క బయట మంచినీళ్లు కూడా ముట్టని మనిషి. ఈ వత్తులు ఎక్కడ చేశావని అడిగితే ఏం చెప్పాలో తెలియలేదు. అబద్ధం చెప్పలేను, నిజం చెబితే వెలిగించకుండా పక్కన పెట్టేస్తుందేమో.

అయినా పౌర్ణమి ముందురోజుకు పత్తి ఇంకా కొంత మిగిలే ఉంది. దానికి తోడు అక్క ఇంకో పని అప్పగించింది. మహబూబాబాద్‌లో ఉండే మా పిన్నిని దీపానికి పిలవాలి. మా ఇళ్లలో ఇలాంటివాటికి ఎదురుగా వెళ్లి బొట్టు పెట్టి పిలిస్తేనే పిలిచినట్టు. ఫోన్ చేస్తే తప్పు పడతారు. అందుకని ఆ రోజు నా దారి జనగామ నుంచి మహబూబాబాద్, అక్కడి నుంచి భూపాలపల్లి. మ్యాప్ తెలిసినవాళ్లు నవ్వుతారు, ఇది చుట్టుదారని నాకూ తెలుసు.

పొద్దున తొమ్మిది దాటాక రైలు. మహబూబాబాద్‌కు కాజీపేట, వరంగల్ మీదుగా రెండు గంటల పైన పట్టింది, జనరల్ టికెట్ వంద లోపే. రఘునాథపల్లి దాటేలోపే ఒళ్లో బట్ట పరిచి నాలుగు వత్తులు చేశాను. తర్వాత ఎదుటి సీటాయన కిటికీ ఎత్తాడు. పత్తి పింజ ఒకటి లేచి ఆయన మీసం మీద వాలింది. ఆయన దాన్ని తీసి నా చేతిలో పెట్టాడు. నేనే సంచీ మూసేశాను. మిగిలిన దారంతా మనసులో జపం, చేతుల్లో దురద.

స్టేషన్ బయట ఆటో యాభై రూపాయలు. పిన్ని ఇంటి ముందు ఆటో ఆపించి, కుంకుమ భరిణె పట్టుకుని గేటు తీశాను. పిన్ని వాకిట్లోకి వచ్చి చెయ్యి అడ్డం పెట్టింది.

"గాడ్నే ఆగు బిడ్డా. నిన్న కోడలికి ఆడపిల్ల పుట్టింది. పురుడు."

పురుడున్న ఇంట్లోవాళ్లు నోముకు రాకూడదు. నేను ఆ ఇంట్లోకి వత్తుల పత్తితో వెళ్లకూడదు. భరిణె చేతిలో అలాగే ఉండిపోయింది. పాప బాగుందా అని గేటు బయటి నుంచే అడిగాను, బాగుందంది. ఒక్క ఫోన్ చేస్తే చెప్పేదాన్ని కదా అంది. ఫోన్లో పిలిస్తే నువ్వే తప్పు పడతావు కదా అన్నాను.

"పడుదును," అంది పిన్ని, నవ్వాపుకుంటూ. "ఇప్పుడు గూడ పడ్తున్న. బొట్టు పెట్టకుంటనే పోతున్నవ్."

ఆటోలోకి తిరిగొచ్చి కూర్చుంటే డ్రైవరు అద్దంలోంచి చూసి, గంతేనా అమ్మా, అప్పుడే అయిపోయిందా అన్నాడు. అయిపోయింది నాయనా, ఎక్కడైనా ఫ్యాన్ లేని కాఫీ షాపుందా అన్నాను. అతను అలాంటి గిరాకీని ఎప్పుడూ చూసి ఉండడు. ఏసీ ఉన్నచోట ఫ్యాన్ ఉండదమ్మా అని ఒక అద్దాల షాపు ముందు దించాడు.

లాప్‌టాప్ పెట్టుకుని పనిచేసేవాళ్లకు మహబూబాబాద్‌లో ఆ షాపు చాలా బాగుంటుంది. ప్రతి టేబుల్ దగ్గరా ప్లగ్గు ఉంది, వైఫై ఇస్తారు, బాత్రూం శుభ్రంగా ఉంది, ఎంతసేపు కూర్చున్నా ఎవరూ మొహం చిట్లించరు. బాదం పాలు తొంభై రూపాయలు. నా పనికి మాత్రం పనికిరాలేదు. ఏసీ గాలి తిన్నగా టేబుళ్ల మీదికే కొడుతోంది. బట్ట పరిచి పత్తి విడదీశానో లేదో, ఒక పింజ పక్క టేబుల్ దాకా తేలుతూ వెళ్లింది. అక్కడ చెవులకు పెద్ద హెడ్‌ఫోన్లు పెట్టుకున్న అమ్మాయి తలెత్తి, "ఆంటీ, మీ పత్తి నా కాఫీల పడ్డది," అంది. కోపంగా కాదు, నాకు తెలియజేయాలన్నట్టు.

నేను కంగారుపడి ఇంకో కాఫీ చెప్పబోతే వద్దంది. హైదరాబాద్ కంపెనీకి ఇంటి నుంచి పనిచేస్తుందట. మరి ఇంట్లోనే చేసుకోవచ్చు కదా అని అడిగాను. అత్తగారు మంచిదేనని, కానీ తాను కూర్చుని ఉంటే ఖాళీగా ఉన్నాననుకుని చిక్కుడుకాయలు తెచ్చి ముందు పెడుతుందని చెప్పింది. "ఈడైతే కాఫీ పెట్టిపోతరు, ఇగ ఎవ్వరు పలకరించరు," అంది. నేను నా బాల్కనీ సంగతి చెప్పాను. ఆ అమ్మాయి నవ్వి, తన కప్పు చూపించి, ఇది ఎదురుగా ఉన్నంతసేపే మనల్ని వదిలేస్తారు అంది. తాగకుండా చల్లార్చి పెట్టుకుంటుందట.

రెండింటికి బస్టాండుకు వచ్చాను. ఇక్కడి నుంచి భూపాలపల్లికి వెళ్లేవాళ్లు వరంగల్ మీదుగా వెళ్లడమే తేలిక. నేను దగ్గరవుతుందని నర్సంపేట బస్సెక్కి, అక్కడొకటి, ములుగులో ఒకటి మారాను. ఆధార్ కార్డు చూపిస్తే మన ఆడవాళ్లకు సున్నా టికెట్. ఖర్చు లేదు, కానీ మూడు బస్సులూ కిటకిటలాడాయి. నర్సంపేట దాకా నిలబడే ఉన్నాను. దారి పొడుగునా పత్తి చేలు, తెల్లగా పగిలి ఉన్నాయి. పత్తి లోడు ట్రాక్టర్లు ముందు వెళుతుంటే రోడ్డు పక్క తుప్పల నిండా పింజలు చిక్కుకుని ఉన్నాయి. చుట్టూ ఇంత పత్తి, సంచీలో పత్తి, చేయడానికి చోటే లేదు. ములుగు దాటాక ఘనపూర్‌లో కిటికీ పక్క సీటు దొరికింది. అప్పటికి పొద్దు వాలిపోయింది. రేపు ఈ వేళకు వెలిగించాలి. మిగిలినది ఎంతో సంచీలో చెయ్యి పెట్టి మళ్లీ మళ్లీ తడుముకున్నాను. తడిమితే తగ్గుతుందా.

భూపాలపల్లిలో అక్క ఇంటికి చేరేసరికి ఇల్లంతా జనం. మా బావ బొగ్గుగనిలో పనిచేసి రిటైరయ్యాడు. ఆయన వైపు చుట్టాలందరూ ముందురోజే దిగారు. అక్క లోపలి గదిలో మంచం మీద కూర్చుని ఉంది, కుడిచెయ్యి కొంగు కింద దాచుకుని. వచ్చినవాళ్లు ఒక్కొక్కరే వెళ్లి చెయ్యి ఎట్లుందని అడగడం, ఏదీ ఒకసారి పిడికిలి మూయి అనడం, తమకు తెలిసిన పసరు వైద్యం చెప్పడం. బావ నన్ను పక్కకు పిలిచి, దవాఖాన నుంచి వచ్చాక అక్క గడప దాటలేదని, చేతికి వ్యాయామం చెయ్యమని ఇచ్చిన రబ్బరు బంతిని మంచం కిందికి విసిరేసిందని చెప్పాడు.

జనం కాస్త పలచబడ్డాక పక్కన కూర్చున్నాను. పత్తి ఇంకా మిగిలిందని, ఈ రాత్రికి పూర్తిచేస్తానని చెప్పాను. ఈ సందట్లో ఎక్కడ చేస్తావంది. ఊళ్లో కాఫీ షాపేదైనా ఉందా అని అడిగాను. అక్క నన్ను ఎగాదిగా చూసింది.

"కాశిల కాఫీ ఇడిసి, కాఫీ హోటళ్లు పట్టుకొని తిరుగుతున్నవానే సుగుణా?"

ఇక దాచలేదు. జనగామలో ఎక్కడ కూర్చున్నానో, పక్కన ఏం తిన్నారో అంతా చెప్పేశాను. పనికిరావంటే ఇప్పుడే చెప్పమన్నాను. నేను తిట్లకు సిద్ధపడి తల వంచుకున్నాను.

"ఆడ ఎవ్వలు పిలవరా?" అంది అక్క.

పిలవరన్నాను.

"చెయ్యి ఎట్లున్నదని అడుగుతరా?"

"ఆళ్లకెట్ల ఎరుకక్కా?"

అక్క ఎడమచేత్తో మంచంకోడు పట్టుకుని లేచింది. "చెప్పులు తీస్కరా. నేనూ వస్త," అంది.

బావ ఆటో కోసం తానే బయటికి పరిగెత్తాడు. అక్కడి కాఫీ షాపు మెయిన్ రోడ్డు మీద బస్టాండుకు దగ్గర్లోనే ఉంది. మెట్లు లేవు, మూడువైపులా గోడ, గనిలో షిఫ్టు దిగి వచ్చేవాళ్ల కోసం రాత్రి పది దాకా తెరిచే ఉంచుతారు. గల్లాపెట్టె దగ్గర కూర్చున్నామె మేం అడగ్గానే మా మీది ఫ్యాన్ ఆపేసింది. మా వెనక ఇద్దరు గని కార్మికులు యూనిఫాంలోనే కూర్చుని ఏదో క్రికెట్ గొడవలో ఉన్నారు. మమ్మల్ని ఎవరూ చూడలేదు. నేను పాలు చెప్పాను. అక్క కాఫీ చెప్పింది. నేను ఆశ్చర్యంగా చూస్తే, "నేనింకా కాశికి పోలే," అంది.

బట్ట పరిచి పత్తి తీశాను. తీస్తూ మళ్లీ అడిగాను, ఇక్కడ చేసినవి నిజంగా పనికొస్తాయా అని.

"పత్తి ఏ మడి కట్టుకొని పండిందే?" అంది అక్క. "చేన్ల కుక్కలు తిరగలేదా, పిట్టలు వాలలేదా? ఇటియ్యి."

నా చేతిలోంచి పింజ తీసుకుంది. ఎడమచేత్తో టేబుల్ మీద పెట్టి, కొంగు కింద నుంచి కుడిచెయ్యి బయటికి తెచ్చింది. నేను ఆ చెయ్యి చూడడం జబ్బు చేశాక అదే మొదలు. వేళ్లు కొంచెం వంకరపోయి ఉన్నాయి. విభూతి అద్దుకోబోతే సగం బట్ట మీద పడింది. పింజ వేళ్ల మధ్య నిలవలేదు, జారింది. మళ్లీ తీసుకుంది, మళ్లీ జారింది. అలవాటుగా నా చెయ్యి ముందుకు వెళ్లింది.

"ఉంచు," అంది, తలెత్తకుండానే.

నా చేతులు తీసి ఒళ్లో పెట్టుకున్నాను. వెనక బల్ల మీద వాళ్ల ఫోన్లో ఎవరిదో వికెట్ పడింది. కాఫీ మీద మీగడ కట్టింది. చాలాసేపటికి ఒక వత్తి తయారైంది. ఒక కొస లావు, ఒక కొస సన్నం, నడుమ వంకర. అక్క దాన్ని అరచేతిలో పెట్టుకుని చూసుకుంది. ఏడుస్తుందేమో అనుకున్నాను. "బెండకాయ తీర్గున్నది," అని నవ్వి, నేను చేసిన వత్తుల మధ్యలో పెట్టి, ఇంకో పింజ కోసం చెయ్యి చాపింది.

ఆ పత్తి పూర్తయ్యేదాకా అలాగే కూర్చున్నాం. ఆమె ఒకటి చేసేలోపు నేను పది చేయగలను. కానీ మెల్లగా చేశాను, ఆఖరి పింజలు ఆమెకు మిగిలేలా. తొమ్మిది దాటాక ఆ చివరిది కూడా అయిపోయింది. చల్లారిన కాఫీని అక్క ఒక్క గుక్కలో తాగేసి, చక్కెర తక్కువైందంది.

మర్నాడు సాయంత్రం చంద్రుడు రాగానే వెలిగించాం. నెయ్యిలో తడిసి మంటలో కలిశాక ఏది జనగామ వత్తో, ఏది అక్క చేసిన బెండకాయో ఎవరికి తెలుస్తుంది? ఆ రోజంతా కూర్చునే చోటు కోసం నేను పడ్డ పరుగు గుర్తొచ్చింది. దారిలో ఏదో ఒకచోట నాకు కావలసిన చోటు దొరికి ఉంటే అన్నీ నేనే పూర్తిచేసి, మూటకట్టి అక్క ఒళ్లో పెట్టేదాన్ని. చోటు దొరకకుండా తిప్పిన ఆ దేవుడికి దండం పెట్టుకున్నాను. ఈమధ్య నాలుగింటికి భూపాలపల్లి నుంచి ఫోన్ వస్తోంది. వెనక కప్పుల చప్పుడు వినబడుతుంటుంది. నేనూ అప్పటికి జనగామ మెట్లెక్కి నా కనబడని ఆకు ముందు కూర్చుని ఉంటాను. ఎక్కడున్నావని ఇద్దరం అడగం.

మీరు ఈ మూడు ఊళ్లలో దేనికి వెళ్లినా నేను చెప్పగలిగిన సలహా ఒకటే. ఏదో ఒకటి చెప్పి ఎదురుగా పెట్టుకోండి, తాగకపోయినా పరవాలేదు, కప్పు ఉన్నంతసేపు ఆ కుర్చీ మీ సొంతం. ఇంట్లోంచి కదలనివాళ్లెవరైనా మీకు ఉంటే, మెట్లు లేని షాపు చూసుకుని పక్క కుర్చీలో వాళ్లను కూర్చోబెట్టండి. చెయ్యి ఎట్లుందని మాత్రం అడక్కండి.